అంతరింద్రియాలను చేసినవాడు

మాది మందస మండలంలో కొండ అంచున ఉన్న సవర గూడెం. పడమరకు చూస్తే మహేంద్రగిరి వరసలు. తూర్పుకు దిగితే ఉద్దానం, జీడితోటలు, కొబ్బరితోటలు, ఆ వెనుక సముద్రం. మా పెద్దలు కొండమీద పోడు చేసుకునేవారు. మా చిన్నాన్న తరం వాళ్లు కూలికి కిందికి దిగారు. జీడిపిక్కలు ఏరారు, కొబ్బరికాయలు మోశారు. చిన్నాన్న అలా ఇరవై ఏళ్లు ఆ తోటల్లో ఎండకు పని చేశాడు.

ఒక ఏడాది మా గూడెంలో రక్తపరీక్షలు చేశారు. ఒకటికి కాస్త అటూ ఇటూ ఉండవలసిన క్రియాటినిన్ చిన్నాన్నకు నాలుగు దాటింది. ఆయన నవ్వేశాడు. "నాకేటీ నొప్పి నేదు, బరువు మోస్తన్నాను, అన్నం తింతన్నాను. ఆ కాగితం తప్పు" అన్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. ఆరు నెలలకు కాళ్లు వాచాయి.

ఆ రోజుల్లోనే మా సంఘంలో యువకులం 139వ కీర్తన చదువుతున్నాం. దేవుడు మనిషిని తల్లి గర్భంలో నిర్మించాడని చెప్పే కీర్తన అది. తెలుగు బైబిల్లో అక్కడ 'అంతరింద్రియములు' అనే మాట ఉంది. ఎన్నోసార్లు చదివాం, దాని అర్థం ఏమిటని ఒక్కసారీ అడగలేదు. హెబ్రీ మూలంలో ఆ మాటకు అసలు అర్థం మూత్రపిండాలు. మనిషి లోపలి ఆలోచన, మనస్సాక్షి అక్కడ ఉంటాయని ఆ కాలంవారు తలచేవారు. అది తెలిసిన రోజు మా గదిలో ఎవరమూ మాట్లాడలేకపోయాం. నా కిడ్నీలను చేసినవాడివి నీవే అని కీర్తనకారుడు దేవునితో అంటున్నాడు. మనం కూర్చున్నది ఉద్దానం పక్కన!

అప్పటినుంచి మేము ఆ అవయవం గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాం. నడుముకు కొంచెం పైన, వెన్నెముకకు అటూ ఇటూ రెండు ఉంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలంత. ఒక్కో దానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు, వాటిని నెఫ్రాన్లు అంటారు. నిమిషానికి సుమారు ఒక లీటరు రక్తం వీటి గుండా పోతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని ఇవి వడపోస్తాయి. మనం కొనుక్కునే 20 లీటర్ల నీళ్ల టిన్నులు తొమ్మిది! అందులో మూత్రంగా పోయేది ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగిలినదంతా, పనికొచ్చే చక్కెర, ఉప్పుతో సహా, తిరిగి ఒంట్లోకే చేరుతుంది.

ఇక్కడే మా మనసు ఆగింది. కిడ్నీ పని పారేయడం అని మనం అనుకుంటాం. నిజానికి అది పారేసేది చాలా తక్కువ, తిరిగి ఇచ్చేది చాలా ఎక్కువ. దేవుని క్షమాపణ కూడా ఇలాగే ఉందని మాకు తోచింది. చెడును వేరు చేస్తాడు కానీ మనిషిని పారేయడు. ఆ మనిషిని ఇంటికీ ఊరికీ తిరిగి ఇస్తాడు.

అయితే ఇంత చక్కగా చేసినవాడు ఎందుకు చెడనిచ్చాడు? ఈ ప్రశ్నను దాటి వెళ్లలేం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఎన్ని ఇళ్లలో ఈ జబ్బు దీపం ఆర్పేసిందో మీకు తెలుసు. నీళ్లా, మట్టిలోని ఖనిజాలా, ఎండలో పనా, నొప్పి మాత్రలా అని ఏళ్ల తరబడి పరిశోధించారు. ఇదొక్కటే కారణం అని తేలలేదు.

కారణం తెలియని చోట నిందలు మొలుస్తాయి. మా బంధువులు కొందరు, "పితరులకు పెట్టడం మానేశావు, కందికొత్తలకు రాలేదు, అందుకే ఇలా అయింది" అన్నారు. బయటి ఊరినుంచి వచ్చిన ఒక బోధకుడు, "నీలో దాచిన పాపం ఉంది, విశ్వాసముంటే మందులెందుకు" అన్నాడు. రెండు వైపులా ఒకే దెబ్బ. చిన్నాన్న మాత్రలు మానేశాడు. పది రోజులకు ఊపిరాడక పలాస తీసుకువెళ్లాం. దారిలో మమ్మల్ని అడిగాడు, "నానేటి పాపం సేసినాన్రా?"

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఇదే అడిగారు. పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని. ఇద్దరిదీ కాదన్నాడు యేసు. అన్నాక ఊరుకోలేదు, ఆ మనిషికి చూపునిచ్చే పనికి పూనుకున్నాడు. ఆ మాట చిన్నాన్నకు చెప్పాం. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటకు చూశాడు. తర్వాత మా చెయ్యి పట్టుకున్నాడు.

జబ్బు పాపం కాదు. అయినా జబ్బు మాకు రక్షణ గురించి ఒక సంగతి నేర్పింది. కిడ్నీ చాలావరకు పాడయ్యేదాకా నొప్పి తెలియదు. బాగానే ఉన్నామని మన ఒళ్లే మనకు చెబుతుంది. మన లోపలి కోపం, అసూయ, మోసం కూడా అంతే. వేరొకరు పరీక్షించి చెప్పాలి, ఆ కాగితం నిజమని మనం ఒప్పుకోవాలి. మొదటి అంగీకారం అది.

రెండోది ఇంకా కష్టం. డయాలసిస్ గదిలో చిన్నాన్న మంచం పక్కన కూర్చున్నాం. చేతినుంచి రక్తం యంత్రంలోకి వెళ్లి, శుభ్రమై తిరిగి వస్తోంది. నాలుగు గంటలు. జీవితమంతా బరువులు మోసిన మనిషి, ఏమీ చేయకుండా చెయ్యి చాచి పడుకున్నాడు. "ఒకల మీద ఆదారపడ్డం నాకు సేతకాదు" అని మొదట్లో ఏడ్చాడు. రక్షణ కూడా మనం సంపాదించేది కాదు, చెయ్యి చాచి తీసుకునేది. కష్టజీవులమైన మనకు అదే మింగుడుపడదు. అయితే యంత్రం దగ్గరకు వారానికి రెండు మూడుసార్లు మళ్లీ మళ్లీ వెళ్లాలి. క్రీస్తు తన్ను తాను ఇచ్చింది ఒక్కసారే. అది అందరికీ చాలుతుందని నమ్ముతున్నాం.

చేతిలోకి తీసుకున్న కృప చేతల్లో కనబడాలి. ఒడిశా కొండల్లో సెరంగోలో మన సవరల మధ్యకు వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు సువార్తతో పాటు ఆసుపత్రినీ తెచ్చారు. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి పోటీ అని వారు అనుకోలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి ఉద్దానానికి తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. మన వాళ్లు కొండ దిగి అక్కడిదాకా చేరేలా చేయడం మన పని.

ఉపాధ్యాయులారా, బడిలో ఈ పాఠం చెప్పేటప్పుడు పటం గీసి వదలకండి. మీ పిల్లల ఇళ్లలో ఎవరు పరీక్ష చేయించుకోలేదో అడగండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నడుం నొప్పికి దుకాణంలో అడిగి మాత్రలు మింగకండి. ఎండలో పనికి వెళ్లే అమ్మానాన్నలకు మంచినీళ్లు కట్టి పంపండి. జబ్బు పడినవాణ్ణి ఏ పేరుతోనూ నిందించకండి.

చిన్నాన్న ఇప్పటికీ డయాలసిస్‌కు వెళుతున్నాడు. బాగుపడతాడని మేము మాట ఇవ్వలేం. ఆదివారం ఓపిక ఉంటే ప్రార్థనకు వచ్చి చివరి వరసలో కూర్చుంటాడు. మొన్న ఆయనే 139వ కీర్తన చదవమన్నాడు. ఆ మాట వచ్చిన చోట నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇవి పాడైనా సేసినోడు నన్ను ఒదిలీనేదు" అన్నాడు. మేము ఆమేన్ అన్నాం.