స్నానాలగదిలో చిన్న షాకు

"గీజరు వేసినప్పుడు కుళాయి ముట్టుకుంటే కాస్త జిల్లుమంటుంది, అంతే డాక్టరుగారూ!" అని నాతో నవ్వుతూ చెప్పేవాళ్ళున్నారు. నాకు మాత్రం నవ్వు రాదు.

పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది. తడిస్తే ఆ శక్తి బాగా తగ్గిపోతుంది. పైగా వట్టి కాళ్ళతో తడి నేలమీద నిలబడతారాయె. 230 వోల్టుల కరెంటు గుండెగుండా పోతే గుండె లయతప్పి వణుకుతుంది. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

గీజరులో ఎలిమెంటు పాడైతే కరెంటు పైరేకుకూ, నీళ్ళకూ పాకుతుంది. దాన్ని భూమిలోకి పంపేది ఎర్తు తీగ. త్రీపిన్ ప్లగ్గులో లావుపాటి పిన్ను అందుకే. దాన్ని విరగ్గొట్టి వాడే మహానుభావులకేం చెప్పను!

కొన్ని పాత ఇళ్ళలో ఎర్తు తీగను ఇనప నీళ్ళగొట్టానికి చుట్టేవారు. తర్వాత ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. ప్లాస్టిక్‌గుండా కరెంటు భూమిలోకి పోదు. తీగ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, ఎర్తు ఉండదు. గోడలో మిగిలిన ఇనప ముక్క ద్వారా కుళాయే షాకు కొడుతుంది.

మీ ఇల్లూ అటువంటిదేనా? లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించండి. ఆ తర్వాత స్నానాలగదిలోని లోహపు గొట్టాలన్నిటినీ దానితో కలిపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. ఎం.సి.బి. ఉందిగా అనకండి, అది తీగలను కాపాడేదే. అంతదాకా గీజరు ప్లగ్గు తీసేసి, నీళ్ళు పొయ్యిమీద కాచుకోండి.

ఎవరికైనా షాకు తగిలితే వారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ నిమిషానికి 100-120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.