అముద అడిగిన ప్రశ్నలు

ఈసారి ఒక సినిమా గురించి రాస్తున్నాను. మణిరత్నం 2002లో తమిళంలో తీసిన 'కన్నత్తిల్ ముత్తమిట్టాల్'. తెలుగులో 'అమృత'గా వచ్చింది కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు.

చెన్నైలో తిరు, ఇందిర అనే దంపతులు, ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి అముదకి తొమ్మిదో పుట్టినరోజున అమ్మానాన్నలు అసలు సంగతి చెప్తారు. ఆ పాప పుట్టింది రామేశ్వరం శరణార్థి శిబిరంలో. కన్నతల్లి పాపను వదిలి, యుద్ధం జరుగుతున్న శ్రీలంకకి తిరిగి వెళ్ళిపోయింది. దత్తత తీసుకోవాలంటే పెళ్ళయి ఉండాలంటారు, అందుకని తిరు ఇందిరని పెళ్ళి చేసుకుంటాడు. ఇదంతా విన్న పిల్ల ఏడ్చి ఊరుకోదు. కన్నతల్లిని చూడాలని పట్టుబడుతుంది. చివరికి పెంచినవాళ్ళే ఆ పిల్లని లంకకి తీసుకెళ్తారు.

నేను నాలుగో తరగతికి ఇంగ్లిష్ చెప్తాను. నా ముందు కూర్చునేవాళ్ళందరిదీ అముద వయసే. ఆ వయసు పిల్లలు ఒక ప్రశ్న పట్టుకుంటే వదలరు, మీకు తెలియంది కాదు. ఇంతకుముందు నేను పనిచేసిన చోట, ఫ్యామిలీ ట్రీ చార్ట్ హోమ్‌వర్క్ ఇచ్చిన మర్నాడు ఒక అమ్మగారు గేటు దగ్గర ఆగి, "మేడమ్, మేం ఇంకా చెప్పలేదండి. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు" అన్నారు. అంతే. నేనూ ఇంకేం అడగలేదు. ఆ ఏడాది క్లాసు మొత్తానికీ చార్ట్ పేరు 'ఇంట్లో నాకిష్టమైనవాళ్ళు' అని మార్చాను.

పుట్టినరోజు నాడే చెప్పాలా అని సినిమా చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది నాకు. కానీ చెప్పాక ఆ ఇద్దరూ తప్పించుకోరు. అది నాకు నచ్చింది.

ఇక పాటలు. టైటిల్ పాట ఒకే ట్యూన్‌లో రెండుసార్లు ఉంది. ఒకటి చిన్మయి పాడింది, సినిమాల్లో ఆమెకిదే తొలి పాట. రెండోది పి. జయచంద్రన్‌ది. అమ్మ మాట్లాడినట్టు ఒకటి, నాన్న మాట్లాడినట్టు ఇంకొకటి. అందులో వైరముత్తు కూతుర్ని మురిపెంగా పొగిడి ఊరుకోడు, పోట్లాడే మనిషిగా కూడా పిలుస్తాడు. పిల్లల్ని పెంచేవాళ్ళకి అది వెంటనే అర్థమవుతుంది. ఊరు వదిలి వెళ్ళే జనం పాటలో ఎం.ఎస్. విశ్వనాథన్ గొంతు వినిపిస్తుంది. మన 'మరోచరిత్ర'కి సంగీతం ఇచ్చినాయనే. డెబ్భై దాటిన ఆ గొంతులోని గరుకు ఆ పాటకి కావాల్సిందే. శాంతి కోరే 'వెళ్ళై పూక్కళ్' అంటే తెల్లపూలు. అది రెహమాన్ స్వయంగా, చాలా మెల్లగా పాడాడు. రెహమాన్‌కీ వైరముత్తుకీ అముదగా చేసిన కీర్తనకీ జాతీయ అవార్డులు వచ్చాయి.

తమిళం రాకపోయినా పాటలు పిల్లలతో కలిసి వినండి. సినిమాలో మాత్రం బాంబులు, కాల్పులు ఉన్నాయి. చిన్నపిల్లలకి చూపించే ముందు మీరొకసారి చూసుకోండి.

వచ్చే నెల నాలుగో తరగతికి ఫ్యామిలీ ట్రీ చార్ట్ ఉంది. అంతకుముందే నాకు తెలియాల్సింది ఏదైనా ఉంటే డైరీలో రాయకండి, పిల్లలు చదువుతారు. శనివారం క్లాసులయ్యాక స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను, వచ్చి చెప్పండి.