రెండు ప్లస్సులు

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక మరమేకు అనాలి గాని, ఆ మాట వింటే మా మెకానిక్కుకు నవ్వు. స్క్రూ అనే అందాం.

అన్నయ్య పోయాక ఆయన యమహా ఆర్‌ఎక్స్ 100 నాకు మిగిలింది. 1985లో మన దేశంలో వచ్చిన రకం. నిలవున్న పెట్రోలు బంకై కార్బురేటరు పూడిపోయింది. దాని అడుగు కప్పును ఆఖరుసారి బిగించింది అన్నయ్యే. నేను డ్రైవరు అందుకోబోయాను.

"ఆగండి మాస్టారూ! అది ఫిలిప్స్. ఇవి జపాను స్క్రూలు!"

చూపుకు రెండూ ప్లస్సు గుర్తులే. కాని ఫిలిప్స్ మొన జపాను గాడిలో సరిగా కూర్చోదు. బలం పెట్టినకొద్దీ పైకి జారి అంచుల్ని తినేస్తుంది. తల అరిగిందా, ఇక డ్రిల్లే గతి. బాడీ మెత్తని లోహం. దాని మర చెడితే మరీ కష్టం.

అతను తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా ఉంచాడు. పెట్రోలు వస్తువు గదా, మంట ఊసెత్తలేదు. మర్నాడు జపాను డ్రైవరు నిలిపి, పైన సుత్తితో చిన్న దెబ్బ కొట్టి, ముందు రవంత బిగించి, తర్వాత వదులు చేశాడు. ఒక్కొక్కటే 'టిక్కు'మంది.

కొత్తవి వేస్తానని పాతవి పారెయ్యబోయాడు. అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాను.