అక్కయ్య మాత్రల డబ్బా

మా అక్కయ్య బరువు తగ్గడానికి శస్త్రచికిత్స చేయించుకున్న సంగతి మా ఇంట్లో చాలాకాలం రహస్యంగానే ఉండిపోయింది. అడిగినవాళ్ళకు "కడుపులో ఏదో ఆపరేషను" అని చెప్పి ఊరుకునేవాళ్ళం. అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. ఇన్నాళ్ళకు ఆమే "రాయరా, ఎవరికైనా పనికొస్తుంది, నా పేరు మాత్రం పెట్టకు" అన్నది కనుక ఈ టపా.

కాకినాడలో పుట్టి పెరిగిన మనిషికి తిండి దగ్గర సంకోచం అలవాటు చేయడం కష్టం. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు "చాలు" అంటే వడ్డించేవాళ్ళకు "ఇంకాస్త" అని వినబడుతుంది. సుబ్బయ్య హోటల్లో భోజనం చేసినవారికి ఈ మర్యాద గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. అటువంటి ఊళ్ళో, అటువంటి ఇంట్లో, 2019లో నలభై మూడేళ్ళ వయసుకు అక్కయ్య నూట పన్నెండు కిలోలు తూగింది. మధుమేహం అప్పటికే ఉంది. మోకాళ్ళు మెట్లెక్కనిచ్చేవి కావు. పథ్యాలూ, నడకలూ, ఉపవాసాలూ అన్నీ అయ్యాయి. తగ్గిన ప్రతిసారీ తగ్గినదానికంటే ఎక్కువే తిరిగి వచ్చేది. చివరకు విశాఖపట్నం వెళ్ళి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుంది.

ఆ శస్త్రచికిత్సలో జఠరం పైభాగాన కోడిగుడ్డంత చిన్న సంచిని మాత్రం విడదీసి, దానిని చిన్నప్రేవులో కొంత కిందుగా తెచ్చి కలుపుతారు. మిగిలిన జఠరమూ, చిన్నప్రేవు మొదటి భాగమూ లోపలే ఉంటాయి గాని అన్నం ఆ దారిన పోదు. గుప్పెడు తింటేనే కడుపు నిండుతుంది. ఆకలిని పుట్టించే హార్మోన్ల నడకే మారిపోతుంది. అందువల్లనే బరువు తగ్గడానికి ముందే, కొద్ది రోజులలోనే, చాలామందికి రక్తంలో చక్కెర అదుపులోకి వస్తుంది. అక్కయ్యకూ అలాగే వచ్చింది.

మొదటి వారాలు పలుచటి ద్రవాలు, తరువాత పెసరకట్టు, ఆ పైన మెత్తగా మెదిపిన అన్నం. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. రోజుకు కనీసం అరవై గ్రాముల మాంసకృత్తులు లోపలికి వెళ్ళాలి. మాది శాకాహారుల ఇల్లు. నాలుగు చెంచాలు పట్టే కడుపులోకి పప్పుతో, పెరుగుతో, పనీరుతో అరవై గ్రాములు చేర్చడం ఎంత లెక్కో ఆ ఆరు నెలలూ చూశాను. చివరకు ప్రోటీను పొడి తప్పలేదు. మూడో నెలలో జుట్టు దువ్వెనకు కుచ్చులుగా రావడం మొదలైంది. బరువు వేగంగా తగ్గినప్పుడు అది మామూలేననీ, తిండి సరిగా ఉంటే మళ్ళీ వస్తుందనీ డాక్టర్లు ముందే చెప్పారు, వచ్చింది కూడా. కాని ఆ నెలల్లో ఆమె అద్దానికి గుడ్డ కప్పి ఉంచింది.

సంక్రాంతికి ఎవరో గొట్టం కాజాలు తెచ్చారు. ఒక్కటి కొరికి, పాకం చప్పరించింది. పావుగంటలో ఒళ్ళంతా చెమటలు, గుండెదడ, కడుపులో మెలి. తీపి జఠరంలో నిలవకుండా నేరుగా ప్రేవులోకి జారిపోవడం వల్ల వచ్చే బాధ అది. దాన్ని డంపింగ్ అంటారు. "కాకినాడలో పుట్టి కాజాకు భయపడే రోజొచ్చిందిరా" అని నవ్వింది. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

పధ్నాలుగు నెలల్లో డెబ్భై ఒక్క కిలోలకు దిగింది. గాజులు మోచేతి దాకా జారేవి. బుగ్గలు లోతుకు పోయి, భుజాల దగ్గర చర్మం వేలాడింది. చూసినవాళ్ళలో సగంమంది "ఎంత బాగున్నావే!" అనేవారు. మిగిలిన సగం "అయ్యో, ఇలా చిక్కిపోయావేమే?" అనేవారు. మా పిన్ని రెండూ ఒకే ఊపిరిలో అనేసి ఇంకో గరిటెడు పులిహోర వడ్డించబోయింది.

ఇక అసలు సంగతి. ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. బి12, ఇనుము, కాల్షియం సిట్రేటు, విటమిన్ డి, ఇంకా కొన్ని. ఇనుమూ కాల్షియమూ కలిపి వేసుకోరాదు, రెండు గంటలు ఎడం ఉండాలి. అన్నిటికీ పైన "జీవితాంతం" అని రాసి గీత కొట్టి ఉంది. రెండేళ్ళు సక్రమంగా సాగింది. తరువాత ఒకనాడు ఆ మాత్రల డబ్బా చూసి "బాగున్న మనిషికి ఇన్ని మందులెందుకే అక్కా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఆమె కూడా విసిగిపోయి ఉంది. ఒకటొకటిగా మానేసింది. అంతకుముందు రక్తం తక్కువగా ఉందని వేసుకున్న ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర ఒక్కటే మిగుల్చుకుంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ చక్కగా ఉంది. అందరం సంతోషించాం.

2022 చివర్లో పాదాలలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఒక ఉదయం ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నది, అంతే, పక్కకు ఒరిగిపోయింది. కుళాయి పట్టుకుని ఆగింది. డాక్టరు ఒక శ్రుతిదండాన్ని మోగించి చీలమండకు ఆనించి "జుమ్మంటోందా?" అని అడిగాడు. "ఏమిటి జుమ్మనేది?" అన్నది అక్కయ్య. ఆ ప్రశ్న విన్నాక నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

బి12 అడుగంటింది. అది శరీరానికి పట్టాలంటే జఠరంలో ఊరే ఒక ప్రోటీను దానికి తోడు కావాలి. అన్నం ఆ దారిన పోనివారికి ఆ తోడు సరిగా అందదు. మొక్కల నుండి వచ్చే తిండిలో బి12 ఎలాగూ లేదు. కాలేయంలో నిలవ ఉన్నది రెండు మూడేళ్ళు నెట్టుకొస్తుంది గనుక లోపం ఆలస్యంగా బయటపడుతుంది. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఫోలిక్ యాసిడ్ రక్తహీనతను సరిచేసి ఆ లోపాన్ని కప్పిపెడుతుంది. రక్తం బాగుంటుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ పోతాయి. మేము సంతోషించిన ఆ హిమోగ్లోబిన్ కాగితం మమ్మల్ని మోసం చేసింది.

ఆ రాత్రి ఫోలిక్ యాసిడ్ గురించి చదువుతుంటే ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఎదురయ్యారు. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. తిన్నది వంటబట్టకుండా చేసే స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆయననూ పీడించింది. ఆయన బోస్టన్ వెళ్ళడానికి సాయపడతామని మాట ఇచ్చినవారిలో మా ఊరి మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ వారున్నారు. రంగూనులో గడించిన ధనంతో ఏర్పడిన ధర్మసంస్థ అది. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వాన 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగులకు అది ప్రాణం పోసింది. కాని వినాశకర రక్తహీనత ఉన్నవారిలో అది రక్తాన్ని బాగుచేసినా నరాలను కాపాడలేదని ఆ తరువాత కొద్దికాలానికే వైద్యులు గుర్తించారు. కాపాడగలిగే బి12ను వేరుచేసింది 1948లో. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడే. అంటే మా ఇంట్లో మేము చేసిన పొరపాటు ఏమిటో ప్రపంచానికి ఏడు దశాబ్దాల పైగా తెలుసు. మా కాగితంలోనూ ఉంది. మేమే చదవలేదు.

సూదిమందులు మొదట రోజు విడిచి రోజు, తరువాత వారానికి, ఇప్పుడు నెలకొకటి. తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. బొటనవేళ్ళలో స్పర్శ మాత్రం పూర్తిగా రాలేదు, రాకపోవచ్చునన్నారు. ఇప్పటికీ ముఖం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించే ఉంటుంది. చేయించుకున్నందుకు విచారమా అని అడిగాను. "మోకాళ్ళు అడుగు. సామర్లకోట భీమేశ్వరుడి గుడిలో పై అంతస్తు దాకా మెట్లెక్కానురా" అన్నది.

మీ ఇళ్ళలో ఎవరైనా ఈ చికిత్స చేయించుకుని ఉంటే ఎన్ని కిలోలు తగ్గారని అడగకండి, అది అందరూ అడుగుతారు. ఏడాదికోసారి బి12తో సహా పరీక్షలన్నీ చేయించుకుంటున్నారా అని అడగండి. వాంతులు ఆగకుండా అవుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. బి1 నిలవ శరీరంలో కొద్ది వారాలకు మించి ఉండదు, అది లోపిస్తే మెదడుకే ప్రమాదం.

ఇదంతా అక్కయ్యకు చదివి వినిపించాను. "కాజా సంగతి తీసెయ్యరా, పరువు పోతుంది" అన్నది. "బాగున్న మనిషికి మందులెందుకు" అన్న నా మాట గురించి మాత్రం ఏమీ అనలేదు. రెండూ తీయలేదు.