మెతుకు పేరుగల ఊరిలో ఒక ఆదివారం

మెదక్ అనే పేరు 'మెతుకు' నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఈ ప్రాంతమంతటికీ మెతుకుసీమ అని పేరు. కుతుబ్‌షాహీల కాలంలో గుల్షనాబాద్ అని, అంటే పూలతోటల ఊరని, మార్చి పిలిచారు గాని జనం నోట నిలిచింది మెతుకే. పూలకంటె మెతుకే మనిషికి దగ్గరిది కదా!

హైదరాబాదు నుంచి నర్సాపూర్ అడవి మీదుగా వెళితే సుమారు 100 కిలోమీటర్లు. 2022లో రైలు కూడా వచ్చింది. ఏ దారిన వచ్చినా ఊరికంటె ముందు చర్చి గోపురమే కనబడుతుంది. దాని ఎత్తు దాదాపు 175 అడుగులు. దేవాలయం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గుమ్మం ముందు నిలబడి తల పైకెత్తితే తలపాగా జారిపోతుందని మా సంఘంలో ఒక పెద్దాయన నవ్వుతూ అంటుంటాడు.

దీనిని కట్టించినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. 1914లో పని మొదలైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మసుతో నూరేండ్లు నిండాయి. ఆ పదేండ్లూ మామూలు రోజులు కావు. ఒక ప్రక్క మొదటి ప్రపంచ యుద్ధం, 1918లో ఊళ్లను ఊడ్చుకుపోయిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం, వీటికి తోడు కరువు. గింజ దొరకక పల్లెల జనం అల్లాడుతున్న ఆ దినాలలో దొరగారు వారికి పని చూపించారు. రాళ్లు కొట్టడం, మోయడం, సున్నం కలపడం. చేసిన పనికి కూలిగా అన్నం. 1977లో మన ప్రభుత్వం 'పనికి ఆహారం' పథకం పెట్టింది గాని, మెదక్‌లో ఆ పద్ధతి అంతకు అరవై ఏండ్ల క్రితమే నడిచింది.

కరువు కాలంలో ఇంత పెద్ద కట్టడం ఎందుకు, ఆ డబ్బుతో గింజలే కొని పంచిపెట్టవచ్చు కదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. నాకు తోచినంతవరకు జవాబు ఇది. పంచిన గింజలకు మనిషి చేయి చాచి నిలబడాలి. రాయి మోసినవాడు సాయంకాలం చేతులు కడుక్కుని, పెండ్లాం పిల్లలతో కూర్చుని తింటాడు. గంజి ఒకటే కావచ్చు, తినే మనిషి ఒకడు కాడు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. తృప్తిగా ఉండమని కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి బోధించరాదు. పౌలు భక్తుడు ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండ నేర్చుకున్నానని ఫిలిప్పీ సంఘానికి తెలియజేసింది మేడలో కూర్చుని కాదు, సంకెళ్లలో ఉండి. అందుకే ఆ మాటకు అంత బరువు. మన పల్లెల్లో బోర్లు ఎండి, అప్పు తీరక కుమిలిపోయే రైతుకు తృప్తి పాఠం చెప్పబోయే ముందు మనం వాని ఇంట ఒక పూట తిని రావాలి.

ఇక లోపలికి పోదాం. చెప్పులు మెట్ల దగ్గర విడిచి అడుగు పెడితే, సీమ నుంచి తెప్పించిన పలకల నేల కాళ్లకు చల్లగా తగులుతుంది. బలిపీఠం వెనుక ప్రభువు ఆరోహణం, ఒక ప్రక్క ఆయన జననం, మరొక ప్రక్క సిలువ మరణం. ఈ మూడూ రంగుటద్దాల కిటికీలు. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. వీటికి వెలుగు బయటి సూర్యుడిదే. పొద్దు గూకిన తరువాత లోపల ఎన్ని దీపాలు వెలిగించినా బొమ్మ కనబడదు, నల్లని అద్దమే మిగులుతుంది. కాబట్టి వెళ్లదలచినవారు పగటిపూటే చేరుకోవాలి.

మేము వెళ్లిన ఆదివారం ఆరాధన ముగిసి జనం పలుచబడ్డాక ఒక స్తంభం ప్రక్కన నేలమీద కూర్చున్నాము. కొంచెం దూరంలో ఒక తండ్రి, ఒళ్లో నిద్రపోతున్న పసివాడు. కిటికీలోనుంచి పడిన ఎరుపు నీలం వెలుగు బిడ్డ కాలి మీద ఉంది. చూస్తుండగానే అది నెమ్మదిగా జరిగి నేలమీదికి దిగింది. పావుగంట పట్టి ఉంటుంది. ఆ పావుగంటలో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. మన ప్రార్థనల్లో అడిగే పద్దు ఎప్పుడూ పొడవుగానే ఉంటుంది. ఊరకే ఆయన ఎదుట కూర్చునే అలవాటు మనలో తక్కువ.

ఆరోహణానికి ముందు ప్రభువు చేసిన పనుల్లో ఒకటి, తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులు పేర్చి, చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిన శిష్యులను తినడానికి పిలవడం. యోహాను సువార్త చివరి అధ్యాయంలో ఉంది. ఆ కిటికీ చూసి బయటికి వచ్చినవారికి చెట్ల క్రింద లేచే వంట పొగ కనబడితే ఆ సంగతి గుర్తుకు రాక మానదు. పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ మూడు రాళ్లు పెట్టి బగారన్నం, కోడికూర వండుకుంటారు. క్రిస్మసు రోజుల్లోనైతే ఆవరణంతా పొయ్యిలే.

రామాయంపేట వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మా ఆవిడను పిలిచింది. "ఇటు రా బిడ్డా, ఇంత తినిపోండ్రి." ఆమెకు ఇద్దరు కొడుకులు. నాలుగేండ్ల క్రితం బోరు నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. ప్రభు భోజనానికి ఒకడు ముందుకు వస్తే ఇంకొకడు లేచి బయటికి పోయేవాడట. కళ్లు మూయకముందు ఒక్కసారి మెదక్ చూపించమని ఆమె ఇద్దరినీ అడిగింది. తల్లి మాట తీసివేయలేక ఇద్దరూ ఒకే బండి ఎక్కారు.

"రెండు కుండలు తేలేదు బిడ్డా, ఒక్కటే తెచ్చిన. అన్నం ఒక్కదాంట్లనే ఉడకాలె" అన్నది ఆమె మెల్లగా.

పెద్దవాడు పొయ్యి అంటించాడు. చిన్నవాడు నల్లా దగ్గరికి పోయి బిందెతో నీళ్లు తెచ్చి, అన్న వైపు చూడకుండా పొయ్యి ప్రక్కన దించి వెళ్లాడు. కోడండ్రిద్దరు మాత్రం కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ ముచ్చట్లాడుకుంటున్నారు. ఆ నాలుగేండ్లలోనూ వారు మాట మానలేదట! మగవాళ్లకు తెలియకుండా పచ్చడి గిన్నెలు గోడ మీదుగా అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయట.

ప్రార్థన పెద్దామె చేసింది. రెండే మాటలు. ఇస్తరాకులు వేశారు. చిన్నవాడు తన ఆకు పట్టుకుని నాలుగు గజాల దూరంలో వీపు తిప్పి కూర్చున్నాడు. అందరం తింటున్నాము, ఎవరూ ఏమీ అనలేదు. కొంతసేపటికి అతడు తల తిప్పకుండానే, "ఇంకింత పులుసున్నదా?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు. కోడండ్రు కదలలేదు. పెద్దవాడు ఎంగిలిచేయి పంచెకు తుడుచుకుని, లేచి, గిన్నె తీసుకుపోయి తమ్ముని ఆకులో పులుసు పోశాడు. ఒక గంటె, మళ్లీ ఒక గంటె. "చాలు" అన్నాడు చిన్నవాడు. అంతే.

ముసలమ్మ తన ముద్ద అట్లాగే చేతిలో పట్టుకుని చూస్తున్నది. తరువాత తినడం మొదలుపెట్టింది.

"నీళ్ల వంతు తేలిందా అమ్మా?" అని మా ఆవిడ అడిగింది.

"ఏడ తేలింది బిడ్డా! పెద్దమనుషుల కాడనే ఉన్నది. ఎండకాలం వస్తే మళ్ల లొల్లే." అని కుండలో మాడు గీకి పిల్లలకు పెడుతూ, "గీ పూటకు గింత చాలు" అన్నది.

నాలుగు గంటలకు వాళ్ల బండి బయలుదేరింది. చిన్నవాడు డ్రైవరు ప్రక్కన, పెద్దవాడు వెనుక పిల్లల మధ్యన కూర్చున్నారు. కడిగిన కుండ ముసలమ్మ ఒళ్లో ఉంది.