ఇల్లు మోసుకెళ్లచ్చుగా, ఆతె?

శనివారం క్లాసుల్లేవు. అనాటమీ పుస్తకం ముందేసుకుని హాయిగా కునుకు తీద్దామనుకుంటే హౌస్ ఓనరు ఆంటీ తలుపు కొట్టింది. పక్క వీధి పిల్లల లైబ్రరీలో క్రాఫ్ట్ సెషనట, పెద్దవాళ్లు తక్కువయ్యారట. 'డాక్టరువి కావాలంటే కత్తెర పట్టడం ఎలాగూ నేర్చుకోవాలిగా' అంది. ఇంకేం మాట్లాడతాం!

నేనుండేది మనీలాకి దక్షిణాన, లాస్ పిన్యాస్‌లో. ఇక్కడి చర్చిలో వెదురుతో చేసిన పెద్ద ఆర్గాన్ ఉంది. 1824లో పూర్తయింది. దాని 1,031 గొట్టాల్లో 902 వెదురువే. అలాంటి ఊళ్లో పిల్లలకి వెదురిల్లు కట్టడం నేర్పడానికి ఆ రోజు మాకు దొరికినవి ఐస్‌క్రీమ్ పుల్లలూ బార్బెక్యూ పుల్లలూ.

లైబ్రరీ అంటే రెండు గదులు. పదిమంది పిల్లలు నేలమీద, మధ్యలో గమ్ డబ్బాలు. కట్టాల్సింది బాహయ్ కూబో, అంటే ఇక్కడి పాతకాలపు పల్లె ఇల్లు. అదే పేరుతో ఓ పిల్లల పాట ఉంది, ఇక్కడ అది రానివాళ్లు ఉండరు. చిన్న ఇంటి చుట్టూ పెరిగే 18 రకాల పంటల పేర్లు అందులో వరసగా వస్తాయి. గమ్ పూస్తూ అందరూ అందుకున్నారు. మధ్యలో 'పటోలా' వినపడగానే ఉలిక్కిపడ్డాను. వీళ్లకది బీరకాయ. మన పొట్లకాయకి చుట్టంలా లేదూ!

ముందు కాళ్లు నిలబెట్టాలి, ఇల్లు వాటిమీద లేస్తుంది. కింద ఖాళీ జాగా పేరు సిలోంగ్. కోళ్లు, కట్టెలు, పనిముట్లు అన్నీ అక్కడే. నేల వెదురు బద్దలతో వేస్తారు, మధ్యలో సందులు వదిలి. కిందనుంచి గాలి వస్తుంది, ఊడిస్తే దుమ్ము సందుల్లోంచే రాలిపోతుంది. పైకప్పుకి నీపా ఆకులు. చిత్తడి నేలల్లో పెరిగే తాటిజాతి మొక్క అది. ఆకుల్ని వెదురు బద్దమీదుగా మడిచి కుట్టి, వరసలుగా కప్పుతారు. వాలు ఎంత ఎక్కువుంటే వాన అంత తొందరగా జారిపోతుంది. కిటికీ రెక్కని కిందనుంచి బయటికి తోసి కర్ర పోటు పెడితే అదే ఎండకి గొడుగు. ఇప్పుడు రిసార్టుల్లో ఇలాంటివాటికే ఏసీ బిగించి అద్దెకిస్తున్నారు. సందుల్లోంచి వచ్చే గాలిని మూసేసి, చల్లగాలికి డబ్బులు!

లైబ్రేరియన్ ఇంకొన్ని బొమ్మలు చూపించింది. బతానెస్ దీవుల్లో తుపాన్లకి తట్టుకునే మందపాటి రాతిగోడల ఇళ్లు. ఇఫుగావో కొండల్లో ఎలుకలు పైకెక్కకుండా స్తంభాలకి చెక్క పళ్లేలు తొడిగిన ఇళ్లు. నాకైతే అవి తెగ నచ్చాయి గానీ పిల్లల ధ్యాసంతా గమ్ మీదే.

నా పక్కన ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుంది. పుల్లలు సగానికి కత్తిరించమంటే అలాగే నిలబెట్టేసింది. ఇల్లు కొంగలా పొడుగ్గా లేచింది. కత్తెర తీసుకోబోయాను.

'వద్దు ఆతె, నీళ్లొస్తాయి.'

ఆతె అంటే అక్క. వాళ్లిల్లు ఇప్పుడు సిమెంటు దిమ్మెలది, నేలకి ఆనుకునే ఉంటుంది. పోయిన వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెయ్యిపెట్టి చూపించింది. సరిగ్గా ఛాతీ దగ్గర. నేను కత్తెర కింద పెట్టేశాను.

'మీ ఇల్లు కట్టు' అంది తర్వాత. కోనసీమలో అమ్మమ్మ పెంకుటిల్లు మొదలుపెట్టాను. అట్టపెట్టె పైపొర ఒలిస్తే లోపల గీతలు గీతలుగా ఉంటుంది, అచ్చం పెంకులే. ముందు అరుగు. నూతికి ఓ సీసా మూత.

'ఇప్పుడెవరుంటారు అందులో?'

'ఎవరూ లేరు. అమ్మేశాం.'

'ఎందుకు?'

'నా ఫీజుకి.'

ఇక్కడికొచ్చి ఏడాదైంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అమ్మమ్మ కాకినాడలో మావయ్య ఫ్లాట్‌లో ఉంటోంది. ఫోన్లో తిన్నావా, పడుకున్నావా అంటుంది గానీ ఇంటి ఊసే ఎత్తదు.

పిల్ల కాసేపు ఆలోచించింది. 'స్థలం కొన్నవాళ్లకి స్థలం ఇవ్వాలి. ఇల్లు మోసుకెళ్లచ్చుగా, ఆతె?'

నవ్వొచ్చింది. కానీ తను జోక్ వెయ్యలేదు. లైబ్రేరియన్ పుస్తకం తిప్పి బయనీహన్ బొమ్మ చూపించింది. ఇంటికింద పొడవాటి వెదురు బొంగులు కట్టి, ఊళ్లో మగాళ్లంతా భుజాలకెత్తుకుని, ఇంటిని ఇంటిలాగే కొత్తచోటికి నడిపించుకుపోతారు. కూలి ఉండదు, ఇంటివాళ్లు భోజనం పెడతారు. ఇప్పుడది ఎక్కువగా బొమ్మల్లోనే కనిపిస్తుంది.

'మాది మట్టిగోడల ఇల్లు. లేపితే విరిగిపోతుంది' అన్నాను.

'తలుపైనా తెచ్చుకోవాల్సింది.'

ఆ టేకు తలుపుల్ని కొన్నాయన విడిగా బేరం పెట్టాడని నాకు తెలుసు. ఆ సంగతి తనకి చెప్పలేదు.

మెరియెండాకి, అంటే సాయంత్రం చిరుతిండికి, తురోన్ పెట్టారు. అరటిపండుని పల్చటి రేకులో చుట్టి, చక్కెరతో వేయించింది. మూడు తిన్నాను. వెళ్లేటప్పుడు పిల్లలు ఇళ్ల అట్టల కింద రెండేసి పుల్లలు దూర్చి, నలుగురేసి చేరి, వేళ్లమీద మోసుకుంటూ గుమ్మం దాటారు. బయట చినుకులు. నా పక్కపిల్ల మాత్రం తన ఇంటిని ఒక్కతే నెత్తిమీదికెత్తుకుని పరిగెత్తింది.

రాత్రి నా అట్ట ఇంటి ఫొటో వాట్సాప్‌లో పెట్టాను. పది నిమిషాల్లో అమ్మమ్మ ఫోన్.

'నూతిని వీధివైపు పెట్టావేంటే? పెరట్లో కదా!'

సీసా మూత పీకి, పెరటివైపు అంటించి, మళ్లీ ఫొటో పంపాను.