ఇంటికి నాలుగు మొక్కలు

చలికాలంలో కెనడాలో ఏ తెలుగింటికి వెళ్లినా కిటికీ దగ్గర కరివేపాకు కుండీ ఒకటి కనిపిస్తుంది. అక్టోబరులో చలి మొదలవగానే చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు లోపలికి తెచ్చుకుంటాం. జనవరికి ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలితే ప్రాణం ఉసూరుమంటుంది. మా ఇంట్లో మాత్రం ఆ బాధ తప్పింది. మూడేళ్ల క్రితం మా పెద్దాడు బేస్‌మెంట్‌లో ఒక మూల గ్రో లైటు బిగించి, టైమరు పెట్టి ఇచ్చాడు. అప్పట్నుంచి కరివేపాకు, తులసి, ఒక మల్లె అంటు ఏప్రిల్ దాకా పచ్చగానే ఉంటున్నాయి.

ఈ వేసవిలో వాడికి 19 నిండాయి. ఒక ఆదివారం నేను దోసెలు పోస్తుంటే వచ్చి, "అమ్మా, ఆ లైటు కింద ఇంకో రెండు కుండీలకి చోటుంది కదా. గంజాయి మొక్కలు పెట్టుకోనా? ఇప్పుడు నాకు లీగలే" అన్నాడు. కొత్తిమీర పెట్టుకోనా అన్నంత మామూలుగా అడిగాడు.

నేను స్టవ్ కట్టేసి కూర్చున్నాను. "నువ్వు తాగుతున్నావా?" అని అడిగాను. "రెండు మూడు సార్లు, ఫ్రెండ్స్‌తో" అన్నాడు, నా మొహం చూస్తూనే. నాకు కాళ్లలో సత్తువ పోయింది. అయినా వాడు దాచలేదు కదా అన్న ఆలోచనే నన్ను నిలబెట్టింది.

వాడు చెప్పింది అబద్ధం కాదు. 2018 అక్టోబరు 17 నుంచి ఈ దేశంలో గంజాయి చట్టబద్ధం. మా ఒంటారియోలో 19 ఏళ్లు నిండినవాళ్లు కొనుక్కోవచ్చు, ఇంట్లో నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. పక్కనున్న క్యుబెక్‌లో మాత్రం ఇంట్లో పెంచకూడదు. అక్కడి నిషేధం సుప్రీంకోర్టు దాకా వెళితే 2023లో చెల్లుతుందనే తీర్పు వచ్చింది.

ఈ మాట మా అత్తగారి చెవిన పడింది. ఆవిడది నర్సీపట్నం. అటు ఏజెన్సీ కొండల్లో పండే శీలావతి గంజాయి గురించి, బస్సుల్లో, కార్లలో పట్టుబడ్డ మూటల గురించి పేపర్లో చదవని రోజు ఉండదు. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' అని తోటలకి తోటలు నరికించినప్పుడు ఆవిడ అక్కడే ఉన్నారు. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. "గంజాయి వనంలో తులసి మొక్క అని విన్నాను గానీ, తులసి పక్కన గంజాయి కుండీ ఏమిట్రా?" అన్నారు. వాడు నవ్వేసి, "మామ్మా, ఇక్కడ అది ప్రభుత్వమే అమ్ముతుంది" అన్నాడు. "సారా కూడా ప్రభుత్వమే అమ్మింది నాయనా. దాని మీద ఆడవాళ్లంతా రోడ్డెక్కారు, తెలుసా?" అన్నారావిడ. దానికి వాడి దగ్గర జవాబు లేదు.

మా ఆయన విని, వద్దు గాక వద్దని అరవబోయారు. నేనే ఆపాను. అడిగి చేసేవాడి నోరు మూయిస్తే అడక్కుండా చేసేవాడు తయారవుతాడు. నాలుగు రోజులు టైమివ్వమన్నాను.

ఆ నాలుగు రోజులూ కూర్చుని చదివాను. ముందు మొక్కల సంగతి. పూత పట్టాక దాని ఘాటు ఇల్లంతా పరుచుకుంటుందట. చేపల పులుసు వాసనైతే కిటికీలు తీస్తే పోతుంది. ఇది బట్టలకి, కర్టెన్లకి పట్టేసి వారాల తరబడి ఉంటుంది. అసలే తేమగా ఉండే బేస్‌మెంట్‌లో అంత పెద్ద మొక్కలు పెడితే గోడలకి బూజు. కరెంటు బిల్లు సరేసరి. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో అడిగి తెలుసుకోవాలి. ఇవన్నీ డబ్బుతోనో, ఫ్యానుతోనో సర్దుకునే విషయాలు.

సర్దుకోలేనివి వేరే ఉన్నాయి. మా చిన్నదానికి పదేళ్లు. తులసికి నీళ్లు పోసే పని దానిదే. పచ్చి ఆకు నమిలితే పెద్దగా మత్తెక్కదు, వేడి తగిలితేనే ఆ గుణం వస్తుంది. కానీ ఇంట్లో పండినది డబ్బాలోకి, డబ్బాలోంచి బ్రౌనీలోకి రావడానికి ఎంతసేపు? షాపులో అమ్మే తినుబండారాల్లో ప్యాకెట్టుకి 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ మించకూడదని చట్టం. ఇంట్లో చేసినదానికి కొలత ఎక్కడిది? తిన్నాక అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఎక్కుతుంది. చట్టం వచ్చాక ఈ రాష్ట్రంలో తెలియక తిని ఆసుపత్రిపాలైన చిన్నపిల్లల సంఖ్య బాగా పెరిగింది.

ఇంకోటి బోర్డరు. మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు బఫెలో మీదుగా కారులో వెళ్తాం. మావి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టులే. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నా, కేంద్ర చట్టం ప్రకారం గంజాయి ఇప్పటికీ నేరమే. గంజాయి వాడావా అని ఆఫీసర్ అడిగితే, అవునంటే శాశ్వతంగా రానివ్వకపోవచ్చు. అబద్ధం చెప్తే అది అంతకంటే పెద్ద తప్పు.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది వేరే. ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా మెదడు ఎదుగుతూనే ఉంటుందని, చిన్న వయసులో మొదలుపెట్టి తరచూ తాగితే మతిభ్రమణం లాంటి జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెప్తున్నారు. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉంటే అసలు ముట్టుకోవద్దంటున్నారు. ఆ వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది.

మా తమ్ముడికి ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. వాడు గంజాయి ముట్టలేదు, సిగరెట్టు కూడా తెలియదు. దానంతటదే వచ్చింది. ముప్ఫయ్యేళ్లుగా మందుల మీద, అమ్మ చేతి అన్నం మీద బతుకుతున్నాడు. మా పుట్టింట్లో దాన్ని 'నరాల బలహీనత' అంటారు. మా పెళ్లిళ్లు కావాలని అప్పుడు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. మా పిల్లలకి మామయ్య నెమ్మదస్తుడు, ఎక్కువ మాట్లాడడు, అంతవరకే తెలుసు.

నాలుగో రోజు రాత్రి అందరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. చట్టంలో నాకు నచ్చిన మాటతో మొదలుపెట్టాను. నాలుగు మొక్కలన్నది మనిషికి కాదు, ఇంటికి. ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నా మొత్తం నాలుగే. "ఇంటి లెక్క అన్నారు కాబట్టి ఇంట్లో అందరం మాట్లాడదాం" అన్నాను. అత్తగారు చెప్పాల్సింది చెప్పారు. మా ఆయన బోర్డరు సంగతి చెప్పారు. నేను చెల్లెలి సంగతి చెప్పాను. వాడు తాళం వేసే గ్రో టెంటు ఉంటుందని, తాళంచెవి నాకే ఇస్తానని అన్నాడు. ఆలోచించే వచ్చాడు పాపం.

చిన్నది పడుకున్నాక, మేమిద్దరమే ఉన్నప్పుడు, మామయ్య గురించి చెప్పాను. జబ్బు పేరు పెట్టి చెప్పాను. మొదటిసారి ఎలా తెలిసిందో, గుడులకీ దర్గాలకీ తిప్పిన రెండేళ్లలో ఎంత చేజారిందో అన్నీ చెప్పాను. "నీకూ వస్తుందని కాదు. మేనమామకి ఉందని నీకు తప్పకుండా వచ్చేదేమీ కాదు. కానీ నీకున్న ముప్పు నీ ఫ్రెండ్స్‌కి ఉన్నంత చిన్నది కాదు. ఆ సంగతి తెలిసి నువ్వు నిర్ణయించుకోవాలి" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మొక్కలు వద్దులే అమ్మా" అన్నాడు. "తాగడం గురించి?" అన్నాను. "మానేస్తాను. కానీ ఎప్పుడైనా ఏదైనా చెప్తే నాన్న అరవకూడదు" అన్నాడు. ఆ పూచీ నాది అన్నాను.

రేపు వాడు యూనివర్సిటీ దగ్గర రూము తీసుకుంటే అక్కడి లెక్క వేరే ఇంటి లెక్క. అక్కడ నేను ఉండను. వాడితో పాటు వెళ్లేది మనం చెప్పిన నిజం ఒక్కటే. మన ఇళ్లలో షుగరు ఎవరికుంది, బీపీ ఎవరికుంది, గుండెపోటు ఎవరికొచ్చింది అన్నీ పిల్లలకి చెప్తాం. మనసు జబ్బు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాం. గంజాయి షాపు వీధి చివరే ఉన్న ఊళ్లో పిల్లల్ని పెంచుతున్న మనకి ఆ గుట్టు చాలా ఖరీదైనది. మీ వైపు, మీ వారి వైపు అలాంటి మనిషి ఉంటే, పిల్లలకి పదహారు పదిహేడేళ్లు రాగానే పేరు పెట్టి చెప్పండి.

పోయిన శనివారం మా వాడు తెనాలికి ఫోను చేశాడు. ఎప్పుడూ అమ్మమ్మతో మాట్లాడి పెట్టేసేవాడు, ఆ రోజు "మామయ్యకి ఇవ్వు" అన్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తర్వాత మా అమ్మ నాకు ఫోను చేసి, "వాడు ఇవాళ ఇరవై నిమిషాలు మాట్లాడాడే" అంది. అమ్మ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో.